ఇనప పెట్టెలో వినపడే కంపెనీ

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. మేమెవరమూ ఆ పేరుతో పిలవలేదు. మా బిల్డింగు లిఫ్టులో అద్దం పక్కన ఎర్ర బొత్తాం ఉన్న చిన్న డబ్బా ఒకటుంటుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఆ బొత్తాం నొక్కాలి. డబ్బాలోని సిమ్ము, కరెంటు పోయినా బ్యాటరీ మీద, తనంతట తానే ఒక నంబరుకు ఫోన్ కలుపుతుంది. అటునుంచి ఒక ఆడగొంతు పలుకుతుంది. ఆ గొంతు ఆమెది. అందుకే ఊరందరికీ ఆమె ఫోనక్క.

ఫోనక్క భర్త లిఫ్టు మెకానిక్కు. చుట్టుపక్కల వీధుల్లో ఏ లిఫ్టు ఎక్కినా ఆయన చెయ్యి పడినదే. మనిషి పనిరాక్షసుడు, మాటకు మాత్రం పరమ పిసినారి. ఏళ్ళ తరబడి మోటార్ల పక్కన నిలబడి నిలబడి చెవులు మొద్దుబారాయి. "గట్టిగా చెప్తే సగం వింటారు, మెల్లగా చెప్తే అసలు వినరు, నేను చాటుగా తిట్టుకుంటే మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడుతుంది" అనేది ఫోనక్క. ఇంట్లో మూడో మనిషి ఆయన తల్లి. కోడలు పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడేదంతా ఆ అత్తగారి దృష్టిలో ఊసుపోని కబుర్లు.

కబుర్లే. కానీ ఆ కబుర్ల మీద మనుషులు బతికారు. ఫోన్ మోగగానే ఫోనక్క స్టవ్ తగ్గించేది. ఏ బిల్డింగు, లోపల ఎంతమంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేది. భర్తకు సైగ చేసేది, లేదా పక్కింటి టైలరమ్మ ఫోన్ నుంచి కబురు పెట్టేది. ఆయన స్కూటరు తీసి వెళ్ళేదాకా లోపలున్న వాళ్ళతో మాట్లాడుతూనే ఉండేది. "భయపడకండి. తలుపు లాగొద్దు. బయటికి దూకొద్దు. సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. పైన తాళ్ళు ఒకటి కాదు, చాలా ఉంటాయి, అందులో ఏ ఒక్కటైనా మిమ్మల్ని మోస్తుంది." ఇంత చెప్పాక లిఫ్టు ఊసు వదిలేసి, ఇవాళ ఏం వండారు, ఆ సంచీలో ఏముంది అని మొదలుపెట్టేది. ఒకావిడ తోటికోడలితో తన తగాదా అంతా చెప్పుకొచ్చి, తీరా తలుపు తెరుచుకుంటే, "ఒక్క నిమిషం బాబూ, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది" అని మెకానిక్కునే ఆపిందట.

ఇంత చేసే ఫోనక్క తను మాత్రం లిఫ్టు ఎక్కేది కాదు. ఎన్ని అంతస్తులైనా మెట్లే. ఎందుకని అడిగితే, "పెట్టెలో పెట్టి మూత వేయడానికి నేనేమన్నా చలికాలం దుప్పటినా?" అని నవ్వేసేది. అసలు కారణం నవ్వులాటది కాదు. తలుపులు రెండూ దగ్గరికి జరిగి మధ్యనున్న వెలుగు గీత సన్నబడుతుంటే ఆమెకు ఇంక బయటపడననిపించేది. పెళ్ళైన కొత్తలో భర్త ముచ్చటపడి ఎక్కిస్తే, ఒక్క అంతస్తు దాటకముందే ఆయన చొక్కా పట్టుకుని బొత్తాం ఊడొచ్చేలా లాగింది. మళ్ళీ ఆ ప్రస్తావన ఇద్దరూ తేలేదు.

ఇలా నడుస్తున్న రోజుల్లో ఫోన్లు తెగిపోవడం మొదలైంది.

మొదట్లో ఏదో ఒకటీ అరా. మాట మధ్యలో మింగేసినట్టయ్యేది, మళ్ళీ వచ్చేది. ఆమె వాడేదీ, డబ్బాల్లో ఉన్నదీ ఒకే కంపెనీ సిమ్ములు. మొదటినుంచీ ఉన్న కంపెనీ కదా, సర్దుకుంటుందిలే అనుకున్నారు. తర్వాత డ్రాయింగు మాస్టారి సంగతి జరిగింది.

మాస్టారు రిటైరైన మనిషి, ఒక్కరే ఉంటారు, నాలుగో అంతస్తు. ఒక ఉదయం లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగింది. బొత్తాం నొక్కారు. ఫోనక్క పలికింది, భర్తను పంపింది, పటాలకు రంగులు ఏ షాపులో కొంటారండీ అని కబుర్లలోకి దింపింది. ఆయన చెబుతుండగా లైను తెగింది. తిరిగి చేస్తే కలవలేదు. మళ్ళీ చేసింది. కలవలేదు. ఫోన్ ఇటు తిప్పి అటు తిప్పి, కిటికీ దగ్గరికి పరిగెత్తి, డాబా ఎక్కి, అక్కడినుంచీ చేసింది. ఎవరో ఆడమనిషి తీయని గొంతుతో తర్వాత ప్రయత్నించమని చెప్పింది.

భర్త అక్కడికి చేరేసరికి మాస్టారు లోపలి తలుపు వేళ్ళతో పెకిలించి, బయటి తలుపు కూడా ఎలాగో నెట్టి, ఆ సందులోంచి నడుం దాకా కిందికి జారి ఉన్నారు. కాళ్ళు గాల్లో ఆడుతున్నాయి. దిగబోతున్నది వరండాలోకే, కానీ ఆ కాళ్ళకు వెనక, లిఫ్టు అడుగున, కింద దాకా ఖాళీ బావి. చెయ్యి జారితే ముందుకు పడతారో వెనక్కి పోతారో చెప్పలేం. మెకానిక్కు రెండు అంగల్లో వెళ్ళి ఆ కాళ్ళను ఛాతీకి అదుముకుని, వాచ్‌మన్‌ను కేకేసి, ఆయన్ని కిందికి దింపాడు.

మర్నాడు ఫోనక్క పలకరించడానికి వెళ్ళింది. మాస్టారు కుర్చీలో ఒదిగి కూర్చుని ఉన్నారు.

"తలుపు ముట్టుకోవద్దన్నాను కదండీ మాస్టారూ."

"అన్నావమ్మా. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ముట్టుకోలేదు. నీ గొంతు ఆగిపోయింది చూడు, అప్పుడు ఇంక ఎవరూ రారనిపించింది. ఎందుకనిపించిందో తెలీదు. అనిపించింది."

ఆ మాట ఆమెను పట్టుకుంది. అప్పటినుంచి ఫోన్ మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. మోగలేదంటే అంతా బాగుందనా, లేక ఎక్కడో ఎవరో బొత్తాం నొక్కుతూ ఉంటే ఇక్కడికి చేరడం లేదనా? స్నానానికి వెళ్తే ఫోన్ గుమ్మం దగ్గర పెట్టుకునేది. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, తన నంబరుకే పక్కింటి ఫోన్ నుంచి చేసి చూసుకునేది. "దానికి పిచ్చి పట్టిందిరా" అని అత్తగారు కొడుకుతో గట్టిగానే చెప్పింది, వినపడాలి కదా.

ఫోన్లు తెగడానికి కారణం కొన్నాళ్ళకు మెసేజ్ రూపంలో వచ్చింది. పాత రకం నెట్‌వర్కును కంపెనీ మూసేస్తోందట. ఒక్కో టవరే ఆపుకుంటూ వస్తున్నారట. అందుకే ఆ తెగడాలు. గడువు దాటాక డబ్బాలన్నీ మూగవైపోతాయి.

భార్యాభర్తలిద్దరూ సిమ్ముల షాపుకు వెళ్ళారు. షాపు నడిపే పెద్దావిడను అందరూ పిన్నీ అంటారు. కంపెనీ ఏదైనా ఆమెకు ఒకటే, అన్నీ అమ్ముతుంది, అన్నింటినీ తిడుతుంది.

"మీ వీధుల్లో ఇంక మిగిలినవి రెండే" అంది పిన్ని. "ఒకటి పెద్ద కంపెనీ. పది మందిలో ఎనిమిది మంది దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. మాట గాజులా ఉంటుంది. రెండోది చిన్న కంపెనీ. దాని గొంతుకెప్పుడూ జలుబే. నీ నంబరు నీకే ఉంటుంది, కంపెనీ మాత్రం మారుతుంది. డబ్బాల్లో కొత్త సిమ్ములు వేసుకోండి."

"అయితే పెద్దదే ఇచ్చెయ్యి" అన్నాడు మెకానిక్కు.

"ఇస్తాను. కానీ బయట వినపడితే సరిపోదు బాబూ. నీ గిరాకీ అంతా ఇనప పెట్టెలో ఉంటుంది. మూత వేసుకుని లోపల చూసుకో." పిన్ని రెండు కంపెనీలవీ రెండు సిమ్ములు, రెండు పాత ఫోన్లు చేతిలో పెట్టింది. "చూసుకుని తెచ్చెయ్యండి."

ఆయన ఒక్కడే రెండు రోజులు తిరిగి చూశాడు. వచ్చి, "పెద్దదానికి సిగ్నల్ గీతలన్నీ ఉన్నాయి, చిన్నదానికి ఒకటో రెండో" అన్నాడు.

"గీతలు కాదండీ. మాట ఎలా వినపడుతోంది?"

ఆయన తల గోక్కున్నాడు. చెవుల సంగతి ఇద్దరికీ తెలుసు. "వాచ్‌మన్‌ను ఎక్కిస్తాలే" అన్నాడు.

"వాచ్‌మన్ బాగుందంటాడు. ఎవరినడిగినా బాగుందంటారు. ఆపదలో మాట వినడం వాళ్ళకేం తెలుసు?" అంటూనే ఆమెకు అర్థమైంది, ఆ వాక్యం ఎటు పోతోందో. చివరిదాకా అనకుండా ఉంటే బాగుండేది. "నేనే వస్తాను" అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూసి, వద్దని అనబోయి, రెండు ఫోన్లూ ఆమె చేతిలో పెట్టాడు.

దానికి ఎంచుకున్నది ఆ వీధుల్లో అన్నింటికంటే ఎత్తైన బిల్డింగు. కింద రెండు బేస్‌మెంట్లు, కార్లు పెట్టుకోవడానికి. అక్కడ పలికిన సిమ్ము ఎక్కడైనా పలుకుతుందని ఆయన లెక్క. ఫోనక్క తన ఫోన్ అత్తగారి చేతిలో పెట్టి, "మోగితే పచ్చది నొక్కండి. ఏ బిల్డింగని అడిగి టైలరమ్మతో ఈయనకు కబురు పెట్టించండి" అని చెప్పి బయల్దేరింది.

"కబుర్లు కూడా నేనే చెప్పాలా?" అంది అత్తగారు.

మధ్యాహ్నం వేళ. బిల్డింగులో జనం పలచగా ఉన్నారు. మెకానిక్కు డాబా మీద మోటారు గదిలోకి వెళ్ళాడు. అక్కడినుంచి లిఫ్టును ఒక్కో అంతస్తూ మెల్లగా కిందికి దింపుతూ, ప్రతిచోటా ముందు పెద్ద కంపెనీ ఫోనుకూ తర్వాత చిన్న కంపెనీ ఫోనుకూ చేస్తాడు. ఆమె వినాలి. ఫోనక్క సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటింది. తలుపులు కలుసుకున్నాయి. ఆమె అద్దం వైపు చూడకుండా రెండు చేతుల్లో రెండు ఫోన్లూ పట్టుకుని, పాదాలు దూరంగా పెట్టి, పడవలో నిలబడ్డట్టు నిలబడింది.

పెద్ద ఫోన్ మోగింది. ఏం మాట్లాడాలో తెలీని మనిషి కదా, మోటారు గది గోడ మీద బోర్డు ఉంటే అది చదివాడు. "ప్రమాదం. అనుమతి లేనివారు లోపలికి రాకూడదు." పక్కనే నిలబడి చెప్పినట్టుంది. చిన్న ఫోన్ మోగింది. అదే బోర్డు, కానీ కాలుతున్న మూకుడులో నీళ్ళు చిలకరించినట్టు చిటపట మధ్యలో.

"ఇంకేమన్నా మాట్లాడండి, ఆ ప్రమాదం ఊసు ఎందుకూ" అంది.

ఆయన ఆలోచించి, "భోంచేశావా?" అన్నాడు. ఇంట్లో ఇద్దరూ కలిసే తిని వచ్చారు. ఆమెకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

కిందికి దిగినకొద్దీ చిన్న కంపెనీ గొంతు ఇంకా పూడుకుపోయింది. మాటలు తెలిసేవి, కానీ చెవి రిక్కించాలి. పెద్దది మాత్రం ఎక్కడా తొణకలేదు. మొదటి బేస్‌మెంటు దాటేటప్పటికి ఆమె తేల్చేసుకుంది. చిన్న ఫోన్‌ను సంచీలో అడుక్కు పడేసి, సంచీ నేల మీద పెట్టి, పెద్ద ఫోనొక్కటే చెవికి ఆనించుకుంది. "అయిపోయిందండీ, పెద్దదే. ఇంక పైకి తెచ్చెయ్యండి" అంది.

"రెండో బేస్‌మెంటు కూడా చూద్దాం, ఒక్క నిమి..." అన్నాడాయన.

దీపం పోయింది. ఫ్యాను పోయింది. కాళ్ళ కింద నేల ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది.

"ఏవండీ" అంది ఫోన్లో. జవాబు లేదు. ఫోన్ చెవి నుంచి తీసి చూసింది. ఇందాకటిదాకా నిండుగా ఉన్న గీతల చోట ఏమీ లేదు. గోడ తడిమి ఎర్ర బొత్తాం నొక్కింది, ఆ డబ్బాలోదీ పాత సిమ్మే, పలకలేదు. ఫోన్‌ను చెయ్యెత్తి పట్టుకుంది. తలుపు సందుకు ఆనించింది. ఏమీ లేదు.

చీకటి కాదు అది, ముఖానికి అతుక్కున్న గుడ్డ. పైన ఎక్కడో తాళ్ళు టిక్కుమంటున్నాయి. కింద గుంటలో నీటి చుక్క పడుతోంది. ఆమెకు అన్నీ తెలుసు. కరెంటు పోతే బ్రేకు పడుతుందని తెలుసు. తాళ్ళు తెగవని తెలుసు. గాలి ఎక్కడికీ పోదని తెలుసు. ఏళ్ళుగా ఎంతమందికో చెప్పిన మాటలు, అన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి, ఒక్కటీ పనిచేయలేదు. ఊపిరి పైపైనే ఆగిపోతోంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. "ఏవండీ!" అని అరిచింది. ఆ అరుపు నాలుగు గోడలకూ తగిలి ఆమె మీదే పడింది. తనే భయపడింది దానికి.

వినపడదు. డాబా మీద, మోటారు గదిలో, ఆ చెవులతో. వినపడదు.

అప్పుడామె చెయ్యకూడని పని చేసింది. రెండు తలుపుల మధ్య వేళ్ళు దూర్చి లాగింది. కొంచెం జరిగింది. ఆ సందులో వెలుగు లేదు, చేతికి గరుకు గోడ తగిలింది. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఉంది తను. ఎటు తెరిచినా గోడే. మాస్టారి కాళ్ళు కళ్ళ ముందు ఆడాయి. వేళ్ళు వెనక్కి లాక్కుని, మూలకు ఒదిగి, కూలబడింది. కూలబడ్డప్పుడు సంచీ మోచేతికి తగిలింది.

చిన్న ఫోన్. లోపల చెయ్యి పెట్టి దువ్వెనా, తాళాలూ, రుమాలూ అన్నీ నేల మీద కుమ్మరించి వెతికింది. దొరికింది. తెర వెలిగింది. ఒకే ఒక్క గీత, వస్తూ పోతూ ఉంది.

భర్తకు చేసింది. అందుబాటులో లేడంది. ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు, ఆయన పాత సిమ్ము మెట్ల దారిలో ఏనాడూ పలకదు. మళ్ళీ చేసింది. అదే. ఇంకెవరి నంబరూ గుర్తురావడం లేదు. తల్లి నంబరు కూడా. వేళ్ళకు వచ్చిన నంబరు ఒక్కటే, అది తనదే. అదే నొక్కింది.

చాలాసేపు మోగింది.

"ఎవరూ? ఏ బిల్డింగు?" అంది అత్తగారు, అప్పజెప్పిన పాఠం చదివినట్టు.

"అత్తయ్యా, నేను."

"నువ్వా! నీ ఫోన్ నా దగ్గరుంటే నువ్వెలా చేస్తున్నావ్? ఏంటా మూలుగు?"

"లిఫ్టులో ఉన్నా అత్తయ్యా. ఆగిపోయింది. చీకటి. ఊపిరి ఆడ్డం లేదు."

అటువైపు చిటపట. ఫోన్ తెగిందేమోనని ఆమె కేకేసింది. "అత్తయ్యా! అత్తయ్యా!"

"ఉన్నానే, ఎక్కడికి పోతాను? కుర్చీ లాక్కుంటున్నాను. నువ్వు పెట్టెయ్, వాడికి నేను చేస్తా."

"పెట్టొద్దు! మీకు దణ్ణం పెడతాను, పెట్టొద్దు."

ఆ గొంతులో ఏముందో, పెద్దావిడ ఫోన్ పెట్టలేదు. ఫోన్ చేతిలో ఉండగానే గోడవైపు తిరిగి, "టైలరమ్మా! ఓ టైలరమ్మా! మావాడికి ఫోన్ చెయ్యి, కోడలు పెట్టెలో ఇరుక్కుంది" అని వీధి వీధంతా వినేలా కేకేసింది. ఆ కేక చిటపటల్లోంచి కూడా స్పష్టంగా వచ్చింది.

"పెట్టను, సరేనా" అంది మళ్ళీ ఫోన్లోకి. "కానీ నీలాగా కబుర్లు చెప్పడం నాకు రాదు. తిట్టమంటే తిడతాను."

"తిట్టండి."

అత్తగారు తిట్టింది. పొద్దున స్టవ్ మీద పాలు పొంగించినందుకు తిట్టింది. తువ్వాలు తడిగా మంచం మీద పడేసినందుకు తిట్టింది. పిలిచిన పెళ్ళికి వెళ్ళకుండా ఫోన్ కాపలా కాసినందుకు తిట్టింది. తిట్లు అయిపోవస్తుంటే, ఎప్పుడో కోడలు కొత్తగా వచ్చినప్పటి తప్పులు కూడా తవ్వితీసింది. మాట మాటకూ "వింటున్నావా?" అని అడిగేది. "వింటున్నా" అనేది ఫోనక్క. మధ్య మధ్య గొంతు పూడిపోయేది, ఒక్కోసారి మాట సగమే వచ్చేది, కానీ తెగలేదు.

"టైలరమ్మకు వాడు దొరికాడు" అంది అత్తగారు కాసేపటికి. "లిఫ్టును పైకి లాగడానికి చేత్తో తిప్పే చక్రం ఉంటుందట కదా, దాన్ని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారట. తాళంచెవి ఉన్నవాడు ఎక్కడికో పోయాడట. జనరేటరు రిపేరుకు పోయిందట. వీడు తాళం పగలగొడుతున్నాడు."

పగలగొట్టడమా? భర్త ఒకరి వస్తువు మీద చెయ్యి వేసే మనిషి కాదు. ఆయన తాళం పగలగొడుతున్నాడంటే తన సంగతి ఎంతదాకా వచ్చిందో అనుకుని ఆమె కొత్తగా వణికింది. "అత్తయ్యా, ఆయన భయపడుతున్నారా?"

"నేను భయపడుతున్నానే అమ్మాయ్" అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడగా కోడలు ఏనాడూ వినలేదు.

అప్పుడే లిఫ్టు జారింది. జానెడంత. ఆమె కెవ్వున కేక పెట్టి నేలను రెండు చేతులతో పట్టుకుంది, పట్టుకోవడానికి అక్కడేం లేకపోయినా. ఫోన్ ఎక్కడో పడింది. చీకట్లో నేల మీదనుంచి అత్తగారి గొంతు, "ఏమైందే? పలకవేం? పలుకు!" మళ్ళీ జానెడు కదిలింది. కిందికి కాదు. పైకి. ఆగింది. కదిలింది. ఎవరో రెండు చేతులతో బలమంతా పెట్టి తిప్పుతున్న చక్రం లయ అది. ఆమెకు ఆ లయ తెలుసు, ఫోన్లో ఎన్నోసార్లు ఇతరుల నోట విన్నది. తెలిసినా, ప్రతి కుదుపుకూ పళ్ళు బిగించుకుంది.

మొదటి బేస్‌మెంటు దగ్గర తలుపు బయటినుంచి చప్పుడైంది. వాచ్‌మన్ లిఫ్టు తలుపు తాళంచెవితో తెరిచాడు. కార్లు దిగే దారి నుంచి వెలుగు పల్చగా వచ్చి పడింది. ఆమె నడిచి రాలేదు, పాకుతూ వచ్చింది. కాసేపటికి డాబా మీదినుంచి అన్ని మెట్లూ దిగి మెకానిక్కు వచ్చాడు. అరచేతులు రెండూ తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. లిఫ్టులో పడి ఉన్న ఫోన్ ఇంకా తిడుతూనే ఉంది. వాచ్‌మన్ దాన్ని తీసి, "దొరికిందమ్మా, క్షేమం" అని చెప్పాకే ఆగింది.

కరెంటు వచ్చాక మెకానిక్కు ఒక విషయం గమనించాడు. పెద్ద కంపెనీ ఫోన్లో మళ్ళీ గీతలన్నీ నిండుగా వచ్చేశాయి.

"ఇందాక ఇది ఎప్పుడు పోయింది?" అని అడిగాడు.

"దీపంతో పాటే" అంది ఫోనక్క.

పిన్నిని అడిగితే తెలిసింది. బేస్‌మెంటు గోడకు తెల్లటి పెట్టె ఒకటి తగిలించి ఉంటుంది. బయటి సిగ్నల్ పట్టి లోపల పంచుతుంది. పెద్ద కంపెనీ పెద్ద బిల్డింగులన్నిట్లో అది పెట్టింది. అది నడిచేది బిల్డింగు కరెంటు మీదే. చిన్న కంపెనీకి అలాంటి పెట్టెలు లేవు. దూరంగా గుట్ట మీద టవరు, దాని బ్యాటరీలు దానివి. అందుకే ఆ గొంతుకు ఎప్పుడూ జలుబు, అందుకే కరెంటు పోయినా దానికి పట్టలేదు.

"నేను చూసింది కరెంటు ఉన్నప్పుడు" అన్నాడు మెకానిక్కు. ఆ మాటను తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. జనం ఇరుక్కునేది కరెంటు పోయినప్పుడు.

తర్వాత ఆయన ప్రతి బిల్డింగులోనూ మెయిన్ స్విచ్చు ఆపించి మరీ చూశాడు. కొన్నిచోట్ల పెద్ద కంపెనీయే నిలబడింది. చాలాచోట్ల నిలబడలేదు. ఆమె మళ్ళీ లిఫ్టులోకి వెళ్ళలేదు. టైలరమ్మ వెళ్ళి విని చెప్పింది. డబ్బాలన్నింటికీ, ఫోనక్క నంబరుకూ చిన్న కంపెనీయే అని తేల్చారు. వీధిలో అందరూ నవ్వారు. "ఊరంతా ఒక దారైతే మెకానిక్కుది ఇంకో దారి" అన్నారు. ఆయనకు ఎలాగూ సగమే వినపడింది. అయితే ఆ ఎత్తు బిల్డింగు ఆఫీసు వాళ్ళతో మాత్రం ఆయన పోట్లాడాడు. తాళం పగలగొట్టినందుకు వాళ్ళు కేకలేయబోతే, "చక్రం మోటారు గదిలోనే ఉండాలి, లేకపోతే మీ లిఫ్టు నేను ముట్టను" అన్నాడు. అంత పొడుగు వాక్యం ఆయన నోట రావడం అదే మొదలని చూసినవాళ్ళు చెప్పారు.

కంపెనీ మారిన రోజు ఇంకో గండం. డబ్బాల్లో కొత్త సిమ్ములు ముందే వేశారు. ఆమె నంబరుదే చిక్కు. పాత సిమ్ము చచ్చిపోవడానికీ కొత్తది బతకడానికీ మధ్య కొంతసేపు పడుతుందని పిన్ని చెప్పింది. ఎంతసేపో కచ్చితంగా చెప్పలేనంది. ఆ కాసేపూ ఎవరు బొత్తాం నొక్కినా ఆ పిలుపు ఎక్కడికీ చేరదు. ఫోనక్క ముందురోజు నుంచే అన్నం ముట్టలేదు. వాచ్‌మన్లందరికీ టైలరమ్మ నంబరు ఇచ్చారు. మెకానిక్కు తెల్లారినప్పటి నుంచి స్కూటరు మీద ఒక్కో బిల్డింగుకూ తిరుగుతూ, గుమ్మంలో నిలబడి లిఫ్టు కదులుతోందా లేదా చూసుకుంటూ పోయాడు.

పొద్దెక్కాక పాత సిమ్ములో గీతలు పోయాయి. కొత్త సిమ్ము వేశారు. దానిలోనూ ఏమీ లేదు. అత్తా కోడళ్ళిద్దరూ ఆ ఫోన్‌ను బల్ల మీద పెట్టి చెరోవైపు కూర్చున్నారు. ఒంట్లో బాగాలేని పిల్లను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. వీధిలో ఎక్కడ హారన్ మోగినా ఫోనక్క ఉలిక్కిపడేది. ఈ నిమిషంలో ఎక్కడో చీకట్లో ఎవరో మూలకు ఒదిగి ఉన్నారేమో, వేళ్ళు తలుపు సందులో పెట్టారేమో. ఇదివరకు ఆ ఊహకు రూపం ఉండేది కాదు. ఇప్పుడు ఆ చీకటి ఎలా ఉంటుందో, ఆ గోడ చేతికి ఎలా తగులుతుందో ఆమెకు తెలుసు.

"లే, కొంచెం మజ్జిగన్నా తాగు" అంది అత్తగారు.

"మోగితే?"

"మోగితే నేనెత్తుతాను. మాట్లాడ్డం వచ్చేసింది కదా నాకు."

ఎండ తగ్గుముఖం పట్టాక ఫోన్‌లో ఒక గీత మొలిచింది. కాసేపటికి రెండోది. మెకానిక్కు దగ్గర్లో ఉన్న బిల్డింగు లిఫ్టులోకి వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాడు. బల్ల మీద ఫోన్ మోగింది. ఫోనక్క ఎత్తి రెండు చేతులతో చెవికి అదుముకుంది. ఆయనే అటునుంచి, "భోంచేశావా?" అన్నాడు. ఆమె ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఎవరూ ఇరుక్కోలేదని సాయంత్రానికి తేలింది. అన్ని బిల్డింగుల వాచ్‌మన్లనూ అడిగి మరీ తేల్చుకున్నారు.

ఫోనక్క భయం పోలేదు. లిఫ్టు మళ్ళీ ఎక్కలేదు, ఎక్కుతాననీ అనలేదు. వీధిలో కరెంటు పోతే ముందు ఫోన్ అందుకుని గీతలు చూసుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. కానీ మాట్లాడే తీరు కొంచెం మారిందని ఆమెను విన్నవాళ్ళు అంటారు. మా బిల్డింగులో నేను ఒకసారి ఇరుక్కున్నప్పుడు నాకూ తెలిసింది. నా గుండె దడదడలాడుతోందని చెప్పాను. భయపడొద్దని ఆమె అనలేదు.

"వేస్తుందండీ, భయం వేస్తుంది. నాకూ వేసింది" అంది, చిటపటల మధ్య. "కూర్చోండి. గోడకు వీపు ఆనించండి. మా ఆయన బయల్దేరారు. మాట ఒకటీ అరా తెగినట్టుంటుంది, ఈ కంపెనీ గొంతే అంత. వినపడకపోయినా నేను లైన్లోనే ఉన్నట్టు."

తర్వాత ఫోన్ ఎవరి చేతికో మారిన చప్పుడైంది. "కోడలికి స్టవ్ మీద పనుంది" అంది ఒక ముసలి గొంతు. "ఆ వేళప్పుడు లిఫ్టెందుకెక్కావసలు? నాలుగు మెట్లెక్కితే అరిగిపోతావా?"

ఆయన వచ్చి తలుపు తీసేదాకా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది.